షెడ్డులో ఉన్న బండికి ట్యాక్స్ ఎందుకు పడుతుంది?

క్లుప్తంగా: సొంత కారుకు లైఫ్ ట్యాక్స్ ఒక్కసారే కడతారు. ఎన్నాళ్లు ఆపినా ఆ పన్ను మళ్లీ కట్టేదేమీ లేదు, అయితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు మాత్రం బండి ఆగినా ఆగవు. మూడు నెలలకోసారి పన్ను కట్టే లారీలు, బస్సుల సంగతి వేరు. అవి కదలకపోయినంత మాత్రాన పన్ను ఆగదు. కదపబోవడం లేదని గడువు ముగిసేలోపే ఆర్టీవో కార్యాలయానికి రాసి ఇస్తేనే ఆగుతుంది. 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ లెక్కను కొంత సడలించింది కానీ చాలామంది అనుకుంటున్నంత కాదు.

2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వాహన పన్ను కేసులో తీర్పు చెప్పింది. శీర్షికల్లోకి వచ్చేసరికి అది "రోడ్డెక్కని బండికి ట్యాక్స్ లేదు" అన్న ఒక్క ముక్కగా కుదించుకుపోయింది. గోదావరి డెల్టాలో ఈ ముక్క చాలామందికి తగులుతుంది. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల రవాణా తగ్గినప్పుడల్లా ఖాళీగా నిలబడే వ్యాన్లున్నాయి. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్ల దగ్గర కవరు కప్పి ఉంచిన కార్లున్నాయి. వేసవిలో కాలేజీ ఆవరణల్లో వరసగా ఆగే బస్సులున్నాయి. వీటన్నిటికీ ఒకే జవాబు లేదు. ముందు ఎవరి బండికి ఏ పన్నో విడదీసుకోవాలి.

రెండు రకాల పన్ను

ఆంధ్రప్రదేశ్‌లో వాహన పన్నుకు ఆధారం 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం. దాని కింద ఇప్పుడు స్థూలంగా రెండు పద్ధతులు నడుస్తున్నాయి. సొంత కార్లు, మోటారు సైకిళ్లకు కొన్నప్పుడే ధరలో ఇంత శాతమని లైఫ్ ట్యాక్స్ వసూలు చేస్తారు. లారీలు, బస్సుల వంటి రవాణా వాహనాలకు క్వార్టర్లీ ట్యాక్స్. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలలతో మొదలయ్యే నాలుగు త్రైమాసికాలకు ముందుగానే కట్టాలి. చిన్న రవాణా వాహనాల్లో కొన్ని తరగతులు కూడా లైఫ్ ట్యాక్స్ కిందికే వచ్చాయి కాబట్టి నంబరు ప్లేటు పసుపుదా తెల్లదా అన్నది చూసి తేల్చేయడం కుదరదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ట్యాక్స్ గడువు దగ్గర తేదీకి బదులు "ఎల్‌టీటీ" అని కనిపిస్తే అది లైఫ్ ట్యాక్స్ బండి. తేదీ కనిపిస్తే త్రైమాసిక లెక్క.

రెండేళ్లు షెడ్డులో ఉన్న కారుకు ట్యాక్స్ రెన్యువల్ చేయించాలని తిరిగేవాళ్లు నిజానికి వెతుకుతున్నది వేరే దాని కోసం. సాధారణంగా అది రిజిస్ట్రేషన్ రెన్యువలో, ఇన్సూరెన్సో అయి ఉంటుంది. ఆ విషయానికి తర్వాత వద్దాం. చిక్కంతా క్వార్టర్లీ ట్యాక్స్ దగ్గరే ఉంది.

కదలనంత మాత్రాన ఆగదు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 57వ అంశం రోడ్ల మీద తిరగడానికి అనువైన వాహనాలపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1963 చట్టం మూడో సెక్షను ఆ అధికారాన్ని ఇంకాస్త బిగించి రాసుకుంది. రాష్ట్రంలో బహిరంగ ప్రదేశంలో వాడే వాహనం మీదే కాదు, వాడటానికి ఉంచుకున్న వాహనం మీద కూడా పన్ను పడుతుంది. అంటే కొలత తిరిగిన కిలోమీటర్లు కాదు, తిరగడానికి సిద్ధంగా ఉండటం.

దీనికి కారణం సులభంగానే ఊహించవచ్చు. రాష్ట్రంలోని ప్రతి లారీ ఫలానా నెలలో ఎన్ని రోజులు తిరిగిందో శాఖ లెక్కపెట్టలేదు. "మా బండి ఆ మూడు నెలలూ పాలకొల్లులో గోడౌను ముందే ఉంది" అని యజమాని తర్వాత వచ్చి చెబితే కాదనడానికీ ఆధారం ఉండదు, ఔననడానికీ ఉండదు. అందుకే నిబంధనల్లో 12-ఎ ద్వారా రుజువు భారాన్ని యజమాని మీదికి నెట్టారు. వాడబోవడం లేదని రాతపూర్వకంగా తెలియజేయనంత వరకు ప్రతి బండీ వాడకంలో ఉన్నట్టే లెక్క. ఆ తెలియజేత కూడా అప్పటికే పన్ను కట్టిన గడువు ముగిశాక మొదలయ్యే కాలానికే వర్తిస్తుంది. ఆర్టీవో ఆఫీసుల దగ్గర దీన్నే స్టాపేజ్ పెట్టడం అంటారు.

బండి ఆగడం ఒకటి, ఆపుతున్నామని ముందే చెప్పడం ఇంకొకటి. చట్టానికి కనిపించేది రెండోదే. ఏడాదిగా ఇంజను విప్పి మెకానిక్ షెడ్డులో పడేసిన లారీకైనా కాగితం ఇవ్వకపోతే నాలుగు త్రైమాసికాల బాకీ పోగవుతుంది. గడువు దాటే కొద్దీ దానిమీద జరిమానా పెరుగుతుంది. తనంతట తాను వచ్చి కడితే ఒక లెక్క, తనిఖీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు దొరికితే దానికంటే బరువైన లెక్క. ఇక స్టాపేజ్ పెట్టిన బండిని చాటుగా తిప్పి దొరికిపోతే ఆ కాగితానికి విలువ లేకుండా పోతుంది. పన్ను, జరిమానా రెండూ మీద పడతాయి.

డెల్టా పనికాలం త్రైమాసికంలో ఇమడదు

ఈ పద్ధతి కాగితం మీద సబబుగానే ఉంటుంది. ఇబ్బందల్లా డెల్టాలో పని క్యాలెండరు ప్రకారం రాకపోవడం. సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా (రబీ) ధాన్యం ఏప్రిల్‌లో కళ్లాల మీదికి వస్తుంది, కొనుగోళ్లు మేలోకి సాగుతాయి. ఆ తర్వాత కాలువలకు నీళ్లు వదిలి, నారుమళ్లు పోసి, ఊడ్పులు అయ్యే కాలమంతా ధాన్యం లారీకి పెద్దగా పనుండదు. ఇప్పుడు దీన్ని త్రైమాసికాల మీద పరిచి చూడాలి. ఏప్రిల్–జూన్‌లో ఏప్రిల్ నిండా కిరాయిలే, జూన్ ఖాళీ. అక్టోబరు–డిసెంబరులో అక్టోబరు ఖాళీ, ఆఖరి ఆరు వారాలు ఊపిరాడని పని. ధాన్యం మీదే ఆధారపడిన బండికి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఖాళీగా దొరికే త్రైమాసికం ముఖ్యంగా జూలై–సెప్టెంబరు. అందులోనూ ఎరువుల లోడో, కొబ్బరి లోడో ఒకటి రెండుసార్లు తగిలితే స్టాపేజ్ పెట్టే వీలు పోతుంది. ఏడాదిలో అయిదారు నెలలు ఆగే బండి పన్నెండు నెలల పన్ను కట్టడం వెనక ఉన్నది ఈ పొసగనితనమే. యజమాని అలసత్వం కొంతే.

సాగే ఆగిపోయిన ఏడాది లెక్క వేరు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామానికి దిగారు. అలాంటి ఏడాది సార్వా కిరాయిలు లేవన్న సంగతి ఊడ్పుల నాటికే తెలిసిపోతుంది. అక్టోబరుకు స్టాపేజ్ పెట్టడానికి సెప్టెంబరు దాకా వ్యవధి ఉంటుంది. అంటే ముందే తెలిసే నష్టానికి ఈ నిబంధన ఉపయోగపడుతుంది.

ఉన్నట్టుండి వచ్చిపడే నష్టానికి ఉపయోగపడదు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన దేశం నుంచి వచ్చే సరకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్టు కావడంతో దెబ్బ నేరుగా పశ్చిమ గోదావరి చెరువుల మీద పడింది. రొయ్యల పట్టుబడులు వాయిదా పడితే వ్యానుకు పని ఉండదు. ఆ సమయానికి జూలై–సెప్టెంబరు పన్ను కట్టేసి ఉంటారు కాబట్టి సెప్టెంబరులో ఆగిన రోజులకు స్టాపేజ్ పనికిరాదు. సెప్టెంబరు 30 లోపు కాగితం ఇస్తే అక్టోబరు నుంచి ఉపశమనం. అక్టోబరు మొదటి వారంలో పరిస్థితి అర్థమై అప్పుడు వెళితే, ఆ త్రైమాసికం కూడా చేయి దాటిపోయినట్టే.

స్టాపేజ్ పెట్టినా ఆగనివి ఇంకా ఉన్నాయి. ఫైనాన్స్ కంపెనీకి కట్టే వాయిదా ఆగదు. అయిదేళ్ల పర్మిట్ గడువు నడుస్తూనే ఉంటుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ కూడా అంతే. అందుకే చాలామంది యజమానులు ఒకటి రెండు నెలల ఖాళీకి స్టాపేజ్ జోలికి పోకుండా పన్ను కట్టేస్తారు. మళ్లీ కిరాయి ఎప్పుడు తగులుతుందో తెలియనప్పుడు బండిని కట్టేసుకోవడం కంటే అదే నయమన్నది వారి లెక్క. అందులో తప్పు పట్టడానికి లేదు.

సుప్రీంకోర్టు అసలు ఏం చెప్పింది

కేసు విశాఖ ఉక్కు కర్మాగారానిది. తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ అనే సంస్థ కర్మాగారం లోపలి సెంట్రల్ డిస్పాచ్ యార్డులో సరకు ఎత్తి దింపే పనికి 36 వాహనాలు పెట్టింది. అవి యార్డు దాటి బయటికి రావు. యార్డు చుట్టూ ప్రహరీ, గేట్ల దగ్గర సీఐఎస్‌ఎఫ్ కాపలా, అనుమతి లేనిదే లోపలికి ఎవరూ పోలేరు. అవి యార్డులోనే ఉన్న కాలానికి పన్ను అడగడం తగదని సంస్థ వాదించింది. హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం అంగీకరించి రూ. 22,71,700 తిరిగి ఇవ్వమంది. డివిజన్ బెంచి ఆ తీర్పును తోసిపుచ్చింది. జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం మళ్లీ మొదటి తీర్పునే నిలబెట్టింది.

తర్కం పాతదే. వాహన పన్ను రోడ్ల వంటి ప్రజా వసతులను వాడుకున్నందుకు చెల్లించే ప్రతిఫలం వంటిదని 1974లో బొలానీ ఓర్స్ కేసు నాటికే సుప్రీంకోర్టు చెప్పి ఉంది. బహిరంగ ప్రదేశంలో వాడని, వాడటానికి ఉంచని బండి ఆ వసతులను అనుభవించడం లేదు, కాబట్టి ఆ కాలానికి భారం మోపకూడదన్నది తాజా తీర్పు సారం.

ఇక్కడ తేలాల్సింది బహిరంగ ప్రదేశం అంటే ఏది అన్నది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి, మరే చోటైనా బహిరంగ ప్రదేశమే. ఈ గీటురాయితో డెల్టాలో కొన్ని సందర్భాలను చూడవచ్చు. ప్రహరీ, గేటు, వాచ్‌మన్ ఉన్న పెద్ద రైస్ మిల్లు లోపల గోడౌను నుంచి గోడౌనుకు బస్తాలు మార్చే బండి ఉక్కు కర్మాగారం ఉదాహరణకు దగ్గరగా వస్తుంది. రొయ్యల చెరువు గట్టు అంత తేలిక కాదు. గట్టు సొంతదే అయినా దాని మీదుగా పక్క చెరువు రైతులు, మేత బస్తాల ఆటోలు, ఊరి జనం అడ్డులేకుండా తిరుగుతుంటే అది ప్రైవేటు స్థలమని వాదించడం కష్టం. పైగా గట్టు దిగితే వచ్చేది పంచాయతీ రోడ్డే. మేత దించి ఐస్ కోసం ఊళ్లోకి వచ్చిన వ్యాను ఆ పూటతోనే బహిరంగ ప్రదేశంలో వాడిన బండి అవుతుంది. ఏటిగట్లు సరేసరి, వాటిలో చాలావరకు ఇప్పుడు పక్కా రోడ్లే.

ఇంటి షెడ్డులో ఆపిన లారీకి ఈ తీర్పు నేరుగా మినహాయింపు ఇచ్చినట్టు కాదు. అది ఎప్పుడైనా బయటికి తీయగలిగిన బండి. వాడటానికి ఉంచుకోలేదని చూపించడానికి దాని యజమాని చేతిలో ఉండే మొదటి ఆధారం ఇప్పటికీ ఆ స్టాపేజ్ కాగితమే. తీర్పును చూసి కాగితం మానుకోవడం కొత్త తగాదా కొనితెచ్చుకోవడమే.

సొంత కారు లెక్క: గడువులు

కోనసీమ లంక గ్రామాల్లో ఇంకా ఏపీ05 నంబరుతో, అవతలి ఒడ్డున ఏపీ37 నంబరుతో కార్లు కనిపిస్తుంటాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ జిల్లా నంబర్లన్నీ అంతకుముందువే. వాటిలో 2010, 2011 ప్రాంతంలో కొన్న కార్లకు పదిహేనేళ్లు నిండుతున్నాయి. వ్యక్తిగత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ చెల్లేది పదిహేనేళ్లే. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్.

2011 జనవరిలో రిజిస్టరైన కారు ఒకటి అనుకుందాం. యజమాని మస్కట్‌లో ఉన్నాడు, కారు అమలాపురం పక్క ఊళ్లో కొబ్బరి చెట్ల కింద షెడ్డులో ఉంది. 2026 జనవరితో ఆర్‌సీ గడువు ముగిసింది. ఆయన 2027 సంక్రాంతికి వచ్చి రెన్యువల్‌కు పెట్టాడు. కారుకు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇది 600 మాత్రమే. ఆలస్యానికి నెలకు 500 చొప్పున పన్నెండు నెలలకు 6,000. అంటే ఆలస్యం ఖరీదు అసలు ఫీజునే మించింది. దీనిమీద పదిహేనేళ్లు దాటిన బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. మస్కట్ ప్రయాణానికి ముందే, గడువుకు 60 రోజుల లోపల రెన్యువల్ చేయించుకునే వీలుండి ఉంటే ఆ 6,000 మిగిలేది. బండి ఇరవై ఏళ్లు దాటితే రెన్యువల్ ఫీజు 10,000. 2025 ఆగస్టులో కేంద్రం ఈ మేరకు పెంచింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. క్వార్టర్లీ ట్యాక్స్‌కు కనీసం స్టాపేజ్ అనే దారి ఉంది. రెన్యువల్ ఆలస్యానికి అలాంటిదేమీ లేదు. కారు అంగుళం కదలకపోయినా గడువు దాటిన నెల నుంచీ మీటరు తిరుగుతుంది. తిరగని బండికి ఊరటనివ్వాలన్న సూత్రాన్ని కోర్టు పన్ను విషయంలో ఒప్పుకున్నా, ఫీజుల నిబంధనల్లోకి అది ఇంకా రాలేదు.

ఇన్సూరెన్సు దగ్గర పోయేది డబ్బు రూపంలో వెంటనే కనపడదు. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఏళ్ల తరబడి పోగైన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఈలోపు షెడ్డు మీద కొబ్బరి చెట్టు కూలినా, వరద నీరు వచ్చినా క్లెయిమ్ ఉండదు. బహిరంగ ప్రదేశంలో నడిపితేనే థర్డ్ పార్టీ తప్పనిసరి కాబట్టి ఆగిన కారుకు అది లేకపోవడం నేరం కాదు. కానీ అదే కారును ఇన్సూరెన్స్ లేకుండా మెకానిక్ దాకా నడిపినా 2,000 రూపాయల జరిమానాకు అవకాశం ఇచ్చినట్టే. దారిలో ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం యజమాని నెత్తిన పడుతుంది.

మళ్లీ రోడ్డెక్కించే వరస

వరస తప్పితే ఒకే పనికి రెండుసార్లు తిరగాలి. మొదట ఇన్సూరెన్స్. పాలసీకి విరామం వచ్చింది కాబట్టి కంపెనీ బండిని చూడమంటుంది లేదా ఫోటోలు, వీడియో పంపమంటుంది. అంతకుముందే బానెట్ ఎత్తి చూడటం మంచిది. తీర ప్రాంతపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పట్టి పట్టేసి ఉంటాయి. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు కొబ్బరి పీచుతో గూడు పెట్టడం, దారిలో అడ్డొచ్చిన వైర్లను కొరికేయడం లంకల్లో మామూలే. తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్. ఆ తర్వాత లైఫ్ ట్యాక్స్ కారైతే అవసరమైతే ఆర్‌సీ రెన్యువల్, త్రైమాసిక పన్ను బండైతే బాకీలు, కొత్త త్రైమాసికం పన్ను, ఆపైన ఎఫ్‌సీ. రవాణా వాహనానికి ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. నెలల తరబడి ఆగిన లారీకి ఇది చూస్తుండగానే వేలల్లోకి పోతుంది. కాగితాలు పూర్తికాని బండిని తనిఖీకి తీసుకెళ్లాలంటే క్రేను మీద వేసుకుపోవడమే సురక్షితం.

వేరే చోట్ల

ఆపిన బండిని ప్రకటించే పద్ధతి మన దగ్గరే పుట్టింది కాదు. కేరళలో దీన్ని జీ ఫారం అంటారు. కోవిడ్ కాలంలో అక్కడి ప్రైవేటు బస్సుల యజమానులు పెద్దఎత్తున జీ ఫారాలు ఇచ్చారు. బ్రిటన్‌లో 1998 నుంచి సోర్న్ అనే పద్ధతి ఉంది. అక్కడ సొంత కార్లకూ ఏటా పన్ను ఉంటుంది కాబట్టి ఇది లారీల వరకే పరిమితం కాదు. యజమాని బండిని రోడ్డు మీంచి తీసేశానని ఆన్‌లైన్‌లో చెబితే మిగిలిన పూర్తి నెలల పన్ను వెనక్కి వస్తుంది. 2013 చివరి నుంచి ఆ ప్రకటనను ఏటా కొత్తగా ఇవ్వాల్సిన పని కూడా లేదు, మళ్లీ పన్ను కట్టేదాకా నడుస్తుంది. మన పద్ధతితో పోల్చితే తేడా నెల అనే కొలతలో ఉంది. త్రైమాసికానికి బదులు నెల లెక్క పెడితే గాని జూన్, అక్టోబరుల్లో ఖాళీగా ఉండే ధాన్యం లారీకి ఊరట దొరకదు. రాబడి తగ్గుతుందన్నదీ, నెలనెలా కాగితాలు చూడాలన్నదీ శాఖ వైపు నుంచి వచ్చే సహజమైన అభ్యంతరం.

ఇక తిరగని బండి

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు లంకల్లో మునిగిన వాహనాల వంటివి మరో తరగతి. మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయ్యేదే 17 లక్షల దగ్గర. ఇంజనులోకి నీరు చేరి బాగుచేసే వీలు లేదని తేలిన బండికి స్టాపేజ్ పెట్టడం పొరపాటు దారి. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం నాశనమైన, శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం సంగతి 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. రిజిస్ట్రేషన్ రద్దయితేనే దానిపేరిట బాకీ పుట్టడం ఆగుతుంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త బండి పన్నులో వ్యక్తిగత వాహనానికి 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా రాయితీకి కేంద్ర నియమాలు వీలు కల్పించాయి. పాత ఇనుము కొట్టుకు తూకానికి అమ్మేస్తే ఆ సర్టిఫికెట్ రాదు, రిజిస్ట్రేషనూ దానంతట అది రద్దు కాదు. విడిభాగాలైపోయిన లారీ పేరిట అయిదారేళ్ల తర్వాత పన్ను నోటీసు వచ్చేది ఇలాంటి సందర్భాల్లోనే.